ఒకే మాలిక్యూల్, రెండు సాఫ్ట్‌వేర్లు, పొంతన లేని రెండు లిస్టులు. ఏది నమ్మాలి?

సిల్క్‌బోర్డు_బాధితుడు
బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో కంప్యూటేషనల్ కెమిస్ట్రీ చూస్తాను. టీమ్ అంటే నేను, నా పక్కన ఒక ఖాళీ కుర్చీ. మా టార్గెట్ ప్రొటీన్‌కి (మందు పట్టుకోవాల్సిన ప్రొటీన్) క్రిస్టల్ స్ట్రక్చర్, అంటే ఎక్స్-రేతో తీసిన త్రీడీ రూపం, లేదు. చేతిలో ఉన్నదల్లా పనిచేస్తుందని తేలిన ఒకే ఒక్క మాలిక్యూల్. ఆకారం దానిలాగే ఉండాలి, కెమిస్ట్రీ మాత్రం వేరుగా ఉండాలి, అలాంటివి అమ్మకానికి ఉన్న లైబ్రరీలోంచి ఏరి ఇమ్మన్నారు. ఆకారాలు పోల్చే సాఫ్ట్‌వేర్ రాక్స్ లైసెన్సు నెలాఖరుతో అయిపోతుంది, మళ్లీ కట్టరట. అందుకని అది ఉండగానే ఒకసారి నడిపి, అదే లైబ్రరీని ఉచితంగా దొరికే ఆర్‌డీకిట్‌తో కూడా నడిపాను. రెండు లిస్టుల్లోనూ మొదటి వందా తీసి చూస్తే కలిసినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. రాక్స్‌లో 1.3 వచ్చినదానికి ఇక్కడ 0.6. సోమవారానికి లిస్టు పంపమని బాస్ టెన్షన్ పెడుతున్నాడు. ఏ లిస్టు పంపాలి?

ఉలవచారు
పక్క కుర్చీ ఏమంటోంది?

పైథాన్_పాపారావు
ముందు ఆ 1.3, 0.6 పక్కపక్కన పెట్టడం మానెయ్ తమ్ముడూ. రాక్స్ మామూలుగా ర్యాంకు ఇచ్చేది టానిమోటో కాంబోతో. షేప్ స్కోరు, కలర్ స్కోరు రెండూ కలిపితే వచ్చేది, 0 నుంచి 2 దాకా ఉంటుంది. కలర్ అంటే రంగు కాదు, హైడ్రోజన్ బాండ్ ఇచ్చేవి, పుచ్చుకునేవి, రింగులు, ఛార్జీలు ఎక్కడెక్కడ ఉన్నాయన్న లెక్క. నువ్వు ఆర్‌డీకిట్‌లో ఏ ఫంక్షన్ వాడావు? షేప్‌టానిమోటోడిస్ట్ అయితే అది ఇచ్చేది పోలిక కాదు, దూరం. 0 వస్తే అచ్చం ఒకటే అని. పెద్ద నంబరు పైకి వచ్చేలా సార్ట్ చేస్తే లైబ్రరీలో అన్నిటికన్నా సంబంధం లేనివి పైన కూర్చుంటాయి. పైగా ఆ ఫంక్షన్ తనంతట తాను అలైన్ చెయ్యదు, అంటే ఒకదాని మీద ఒకటి పరచదు, రెండు మాలిక్యూల్స్ ఎక్కడున్నాయో అక్కడే కొలిచేస్తుంది. ముందు ఓపెన్3డీఅలైన్ నడపాలి.

సిల్క్‌బోర్డు_బాధితుడు
@పాపారావు అలైన్ చేశాకే కొలిచాను అన్నా. 1లోంచి తీసేసి పోలికగా మార్చుకునే సార్ట్ చేశాను. కలర్ మాత్రం లేదు, షేప్ ఒక్కటే.

పైథాన్_పాపారావు
ఇంకేం, సగం తేడా అక్కడే ఉంది. రాక్స్ ఫలితాల్లో షేప్ టానిమోటో అని విడిగా కాలమ్ ఉంటుంది, దాంతో పోల్చు. లేదంటే ఆర్‌డీకిట్‌ని కొత్త వెర్షన్‌కి మార్చు. 2024.09 నుంచి పబ్‌కెమ్ వాళ్ల అలైన్‌మెంట్ కోడ్ అందులో కలిపారు, షేప్, కలర్ రెండూ ఇస్తుంది. రాక్స్ లాగే గాసియన్ పద్ధతి. నువ్వు వాడిన పాతది గళ్లు గీసి గళ్లు లెక్కపెట్టే రకం.

జీపీయూ_గోల
ఇవన్నీ సీపీయూ మీద నడుపుతున్నారా ఇంకా? రాక్స్‌కి జీపీయూ వెర్షన్ ఫాస్ట్‌రాక్స్ చూడండి, ఒక మంచి కార్డు ఉంటే టీ తాగి వచ్చేలోపు లైబ్రరీ అయిపోతుంది. అమ్మకానికి ఉన్నవే ఇప్పుడు వందల కోట్లు, ఎనామిన్ రియల్ లాంటి లైబ్రరీలు సీపీయూ మీద ఎప్పటికి అవుతాయి?

ఉలవచారు
లైసెన్సే కట్టనన్నోడు కార్డు కొంటాడా స్వామీ.

గిండీ_గురవయ్య
గాసియన్ అంటే ఏంటో తెలియకుండా స్కోర్ల గురించి కొట్లాడుకుంటే లాభం లేదు, కాస్త ఓపిగ్గా చదవండి.

పరమాణువుని గట్టి గోళంలా అనుకుంటే రెండు మాలిక్యూల్స్ ఎంత మేర కలిశాయో లెక్కగట్టడం నరకం. మూడు గోళాలు, నాలుగు గోళాలు ఒకేచోట కలిసిన ముక్కలన్నీ కలుపుతూ, తీసేస్తూ పోవాలి. కొంచెం జరిపితే లెక్కంతా మళ్లీ మొదటికి. 1995లో గ్రాంట్, పికప్ అనే ఇద్దరు గోళం బదులు గాసియన్ పెట్టి చూశారు. రెండు గాసియన్లు గుణిస్తే వచ్చేది ఇంకో గాసియనే, కాబట్టి ఎంత మేర కలిశాయో నేరుగా సూత్రంతో వచ్చేస్తుంది. ఎటు జరిపితే ఇంకా బాగా కలుస్తుందో కూడా అదే సూత్రం చెబుతుంది. రాక్స్ నిలబడింది ఈ పునాది మీదే. రెండు మాలిక్యూల్స్‌ని వాటి ముఖ్య అక్షాల మీద వరసలో పెడుతుంది, అలా పెట్టడానికి నాలుగు తీర్లున్నాయి, ఒక్కోదాని నుంచి మొదలెట్టి జరుపుకుంటూ పోతుంది. చివరికి రెండూ పంచుకున్న ఘనపరిమాణాన్ని రెండూ కలిసి ఆక్రమించిన మొత్తం ఘనపరిమాణంతో భాగిస్తే షేప్ టానిమోటో.

లెక్క ఇంతే. గళ్లతో చేసినా గాసియన్‌తో చేసినా ఒకే జంటని ఒకే భంగిమలో ఇస్తే తేడా మరీ అంత రాదు. రెండు లిస్టులూ మొత్తంగా వేరు వచ్చాయంటే సాఫ్ట్‌వేర్ని తర్వాత తిడదాం. నీ క్వెరీ మాలిక్యూల్‌కి, అంటే దేనిలాంటివి వెతకమన్నావో దానికి, త్రీడీ రూపం ఎక్కడి నుంచి తెచ్చావు నాయనా? లైబ్రరీ కన్ఫార్మర్లు (ఒక్కో మాలిక్యూల్ వంగి, తిరిగి తీసుకునే త్రీడీ రూపాలు) రెండిటికీ ఒకటేనా?

సిల్క్‌బోర్డు_బాధితుడు
లైబ్రరీ కన్ఫార్మర్లు వేరు వేరు సార్. రాక్స్‌కి ఒమేగా అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినవి, ఇటువైపు ఆర్‌డీకిట్‌లోని ఈటీకేడీజీ పద్ధతితో చేసినవి. క్వెరీ మాత్రం రెండిటికీ ఒకటే. నాకన్నా ముందు పనిచేసినాయన మానేస్తూ వదిలిన ఫైలు. పేరు "క్వెరీ ఫైనల్ ఫైనల్ 2".

ఉలవచారు
ఫైనల్ 3 కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకు.

మెడ్‌కెమ్_అక్క
ఒక చిన్న ప్రశ్న. నీ మొదటి యాభైలో మాలిక్యూల్స్ చూడ్డానికి ఎలా ఉన్నాయి? పొడుగ్గా ఉన్నాయా, ఉండలా ఉన్నాయా? బొమ్మసంద్రలో మా బెంచీకి ఇలాంటి లిస్టులు నెలనెలా వస్తుంటాయి, ఉండలు చుట్టుకున్నవి పంపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
అక్కా, మీరు చెప్పాక తెరిచి చూశాను. ఎక్కువ ఉండలే. రాక్స్ లిస్టులో మరీను. కానీ మా మాలిక్యూల్ కాగితం మీద గీస్తే పొడుగు. ఒక చివర కార్బాక్సిలిక్ ఆమ్లం, మధ్యలో సాగే లింకరు, ఇంకో చివర పిపెరజీన్.

గిండీ_గురవయ్య
దొరికింది. ఆమ్లానికి మైనస్, పిపెరజీన్‌కి ప్లస్ ఛార్జి పెట్టి, నీళ్లు లేకుండా శూన్యంలో ఎనర్జీ తగ్గించి ఉంటాడు మీ పాతాయన. శూన్యంలో ఆ రెండు చివరలనీ అడ్డుకునేది ఏమీ ఉండదు, తోక తిరిగొచ్చి తలని పట్టుకుంటుంది. ఎనర్జీ అన్నిటికన్నా తక్కువ, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ప్రొటీన్‌లో మాత్రం అలా ఉండే అవకాశం చాలా తక్కువ. అక్కడ చుట్టూ నీళ్లుంటాయి, ప్రొటీన్ గోడలుంటాయి, వాటితోనే బాండ్లు పెట్టుకుంటుంది. ఫైలు తెరిచి ఆమ్లం ఆక్సిజన్‌కీ పిపెరజీన్ నైట్రోజన్‌కీ మధ్య దూరం కొలువు. 3 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర్లో ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఆ ఫైలు పక్కన పెట్టెయ్.

సిల్క్‌బోర్డు_బాధితుడు
2.7.

ఉలవచారు
😂 ఫైనల్ ఫైనల్.

నెల్లూరోడు
అసలీ త్రీడీ గోలంతా ఎందుకండీ? ఏ కన్ఫార్మరో తెలియదు, ఏ ఛార్జో తెలియదు, అన్నీ ఊహలే. మోర్గాన్ ఫింగర్‌ప్రింట్ (ఏ పరమాణువు పక్కన ఏముందో రాసుకున్న గుర్తు) తీసి టూడీలో పోల్చుకుంటే లాప్‌టాప్ మీదే అయిపోతుంది. ఎన్ని పోలిక పరీక్షలు చూశాను, టూడీ ఏమీ తక్కువ తినలేదు. 2007లో రాక్స్ డాకింగ్‌కి (మాలిక్యూల్‌ని ప్రొటీన్‌లో కూర్చోబెట్టి చూసే పద్ధతి) దీటుగా నిలిచిందని పేపరు వచ్చింది, రాసింది ఎవరు? ఆ కంపెనీ వాళ్లే. కాకి పిల్ల కాకికి ముద్దు.

తరమణి_2బీ
@నెల్లూరోడు ఆ పరీక్షల్లోనే కిటుకుంది. డీయూడీ లాంటి పరీక్ష సెట్లలో ఒక టార్గెట్‌కి యాక్టివ్స్ (పనిచేసే మాలిక్యూల్స్) చాలావరకు ఒకే సిరీస్ అన్నదమ్ములు. తెలిసిన అన్నని ఇచ్చి తమ్ముణ్ణి వెతకమంటే టూడీ గెలవక ఏం చేస్తుంది. ఇక్కడ మనవాడికి కావాల్సిందే వేరే వంశం.

నెల్లూరోడు
వేరే వంశం దొరికిన సందర్భం ఒక్కటి చూపించండి. పాత డేటా మీద కసరత్తు కాదు, నిజంగా ముందు వెతికి తర్వాత టెస్టు చేసింది.

గిండీ_గురవయ్య
2005లోనే ఉంది. జిప్‌ఏ, ఎఫ్‌టీఎస్‌జెడ్ అని బ్యాక్టీరియా రెండుగా చీలేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకునే ప్రొటీన్లు. ఆ పట్టు విడగొట్టే ఒక మాలిక్యూల్ స్క్రీనింగ్‌లో దొరికింది కానీ దాన్ని మందుగా ముందుకు తీసుకెళ్లడానికి ఇబ్బందులున్నాయి. దాని ఆకారం రాక్స్‌కి ఇచ్చి వేరే కెమిస్ట్రీ ఉన్నవి వెతికారు. దొరికినవి బలహీనంగానే అంటుకున్నాయి, అది దాచక్కర్లేదు. కానీ టూడీ ఫింగర్‌ప్రింట్లతో వెతికి ఉంటే అవి తగిలేవే కావు. ఒకదాన్ని ప్రొటీన్‌తో కలిపి ఎక్స్-రే తీస్తే రాక్స్ ఎలా పరిచిందో దాదాపు అలాగే కూర్చుని ఉంది.

అయితే ఇందులో అసలు సంగతి ఇంకోటి. వాళ్లు క్వెరీగా ఇచ్చింది క్రిస్టల్‌లోంచి తీసిన రూపం. ప్రొటీన్‌లో ఎలా ఉందో అలాగే. ఊహించి చుట్టిన ఉండ కాదు.

నెల్లూరోడు
సరే, ఒకటి ఒప్పుకుంటా. కానీ క్రిస్టల్ లేనివాడికి మీరు చెప్పేదేంటి మరి? వాడి బాధ అదే కదా.

తరమణి_2బీ
అలైన్‌మెంటే అక్కర్లేని దారి ఒకటుంది. యూఎస్ఆర్. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో బాలెస్టర్, రిచర్డ్స్ చేశారు. మాలిక్యూల్‌లో నాలుగు చోట్లు తీసుకుంటారు: నట్టనడిమి బిందువు, దానికి అన్నిటికన్నా దగ్గరున్న పరమాణువు, అన్నిటికన్నా దూరమున్నది, ఆ దూరమున్నదానికి మళ్లీ దూరమున్నది. ఒక్కోచోటు నుంచి మిగతా పరమాణువులన్నీ ఎంతెంత దూరంలో ఉన్నాయో చూసి మూడేసి అంకెలుగా కుదిస్తారు. మొత్తం 12. ఒక కన్ఫార్మర్ అంటే 12 అంకెలు, అంతే. ఆర్‌డీకిట్‌లో ఉంది, ఫార్మకోఫోర్ (పరమాణువు రకాలు) కలిపిన యూఎస్ఆర్‌క్యాట్ కూడా ఉంది, అది 60 అంకెలు. జీపీయూ లేకపోయినా పరుగే.

గిండీ_గురవయ్య
బాగా చెప్పావు కానీ దాని లోపం కూడా చెప్పు. దూరాలు మాత్రమే చూసేదానికి కుడిచెప్పు, ఎడమచెప్పు ఒకటే. ఆర్, ఎస్ అనే అద్దం రూపాలు రెండిటికీ ఒకే 12 అంకెలు వస్తాయి. కాళ్లకి వేసుకున్నాక తెలుస్తుంది.

తరమణి_2బీ
అవును సార్. అందుకే ఎలక్ట్రోషేప్ అని తర్వాత వచ్చినదాంట్లో అద్దం రూపాలని విడదీసే ఏర్పాటు పెట్టారు. నేనైతే యూఎస్ఆర్‌తో కోట్లని లక్షలకి దించి, తర్వాత అలైన్ చేస్తాను.

మెడ్‌కెమ్_అక్క
స్టీరియో మాట వచ్చింది కాబట్టి. వెండర్ల ఫైళ్లలో చాలావాటికి స్టీరియో, అంటే ఆరా ఎస్సా అన్నది, రాసి ఉండదు. సాఫ్ట్‌వేర్ తనకి తోచిన చెయ్యి పెట్టి కన్ఫార్మర్ చేసేస్తుంది. మీరు అద్భుతంగా కలిసిందని పంపింది ఎస్, బాటిల్లో వచ్చేది రెండూ కలిసిన మిశ్రమం. కన్ఫార్మర్లు చెయ్యకముందే రెండు రూపాలూ విడివిడిగా రాయించండి బాబూ, మీకు పుణ్యముంటుంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
రాయిస్తాను అక్కా. కాలేజీలో ఉన్న ఫ్రెండ్ వాళ్ల అకడమిక్ లైసెన్సు మీద నడిపి ఇస్తానంటున్నాడు, అది తీసుకోవచ్చా?

పైథాన్_పాపారావు
వద్దు. అకడమిక్ లైసెన్సు కంపెనీ పనికి కాదు, మీ ఇద్దరి మెడకీ చుట్టుకుంటుంది. ఆన్‌లైన్ సర్వర్లలో పేస్ట్ చెయ్యడం కూడా వద్దు. స్విస్‌సిమిలారిటీ లాంటివి చాలా మంచివి, నేర్చుకోవడానికి వాడుకో. కానీ పేటెంటు పడని కంపెనీ మాలిక్యూల్‌ని బయటి సర్వర్లో వేశావని తెలిస్తే మీ లీగల్ వాళ్లు సిల్క్‌బోర్డు జంక్షన్ కన్నా పెద్ద జామ్ చేస్తారు.

జీపీయూ_గోల
రొషాంబో అని ఉచితంగా దొరికే జీపీయూ కోడ్ 2024లో వచ్చింది, గాసియన్‌దే. కార్డు ఎవరైనా ఇప్పిస్తే.

నెల్లూరోడు
నా ప్రశ్న అలాగే ఉంది. క్రిస్టల్ లేదు. ఏ రూపం ఇవ్వాలి?

గిండీ_గురవయ్య
వస్తున్నా. మధ్యలో ఒక మాలిక్యూల్ కథ చెప్పాలి, ఎందుకంటే ఇదే ప్రశ్నకి అది నిలువెత్తు జవాబు. ఫోలిక్ ఆమ్లం (ఒక విటమిన్, ఫోలేట్ అన్నా అదే), దానికి అడ్డుతగిలే మందు మెథోట్రెక్సేట్. కాగితం మీద పక్కపక్కన గీయండి. ఒక చివర రెండు రింగులు కలిసిన టెరిడీన్, మధ్యలో బెంజీన్, చివర గ్లూటామేట్. తేడా రెండేచోట్ల: ఫోలేట్‌లో నాలుగో స్థానంలో ఉన్న ఆక్సిజన్ బదులు మెథోట్రెక్సేట్‌లో అమైనో గ్రూపు, పదో నైట్రోజన్ మీద ఒక మిథైల్. టూడీలో పోల్చితే కవలలు. ఎవరైనా ఏం చేస్తారు? రింగు మీద రింగు, నైట్రోజన్ మీద నైట్రోజన్ పెట్టి పరిచేస్తారు.

ఈ మందు పట్టుకునే డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌లో క్రిస్టల్ తీసి చూస్తే మెథోట్రెక్సేట్ టెరిడీన్ తిరగబడి ఉంది. ఫోలేట్ కూర్చునే తీరుకి దాదాపు 180 డిగ్రీలు. ఆక్సిజన్ పోయి అమైనో రావడంతో మెథోట్రెక్సేట్‌లో ఒకటో నైట్రోజన్ ప్రోటాన్‌ని సులువుగా పట్టుకుంటుంది, ఎంజైమ్‌లో ఉన్న ఆమ్లం వైపు ఆ ముఖాన్ని తిప్పి గట్టిగా కరుచుకుంటుంది. షేప్ ఒక్కటే చూసే సాఫ్ట్‌వేర్‌కి ఇటు తిప్పినా అటు తిప్పినా ఆ రెండు రింగులూ ఒకేలా కనిపిస్తాయి. కలర్ ఉంటే పట్టుకోవచ్చు, అదీ ఆ ప్రోటాన్ పెట్టి ఇస్తేనే. ప్రోటాన్ లేకుండా ఇస్తే కలర్ కూడా పొరపడుతుంది.

కాబట్టి @సిల్క్‌బోర్డు, షేప్ ఒక్కటే ఉన్న నీ రెండో లిస్టునీ, తప్పు భంగిమ మీద కలర్ పూసిన మొదటి లిస్టునీ రెండిటినీ సోమవారం పంపకు.

ఉలవచారు
మెథోట్రెక్సేట్ అనగానే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది, దానికి అడ్డుతగిలే అమినోప్టెరిన్ క్యాన్సర్ డాక్టరు ఫార్బర్‌కి పంపింది లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందమే. భీమవరంలో పుట్టి, సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివాడు. ఖద్దరు కట్టాడని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి ఎంబీబీఎస్ రాకుండా దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. కొలిచేవాడికి కోపమొస్తే ఏ స్కోరైనా అంతే.

తరమణి_2బీ
@ఉలవచారు మొదటిసారి పనికొచ్చే పోస్టు పెట్టావు.

గిండీ_గురవయ్య
ఇక నెల్లూరాయన ప్రశ్న. క్రిస్టల్ లేకపోతే మూడు దారులున్నాయి, ఏదీ పూర్తి భరోసా ఇవ్వదు. పేటెంట్లలో అదే టార్గెట్ మీద పనిచేసే బిగుసుకుపోయిన మాలిక్యూల్, అంటే తిరిగే బాండ్లు తక్కువున్నది ఏదైనా ఉందేమో చూడాలి. అది తిరగలేదు కాబట్టి దాని ఆకారమే సాక్ష్యం. నీ మాలిక్యూల్‌ని దాని మీద పరచి, ఏ కన్ఫార్మర్ బాగా ఒదిగితే అది క్వెరీ. రెండోది, దగ్గరి బంధువైన ప్రొటీన్‌కి పీడీబీలో (ప్రొటీన్ స్ట్రక్చర్ల డేటాబేసు) స్ట్రక్చర్ ఉంటే అందులో లైగాండ్, అంటే ప్రొటీన్‌ని పట్టుకున్న మాలిక్యూల్, ఎలా కూర్చుందో చూడ్డం. రెండూ లేకపోతే, చాచుకున్నవీ, సగం ముడుచుకున్నవీ తేడాగా ఉన్న కొన్ని కన్ఫార్మర్లు తీసుకుని ఒక్కోదాన్నీ విడిగా క్వెరీగా నడపడం. ఈటీకేడీజీ క్రిస్టల్ డేటాబేసులో నిజంగా కనిపించిన టార్షన్లని (బాండ్ చుట్టూ మెలి కోణాలని) చూసి చేస్తుంది, శూన్యంలో ఎనర్జీ తగ్గించడం కన్నా అది మేలు. ఎన్ని చేసినా తర్వాత శూన్యంలో మినిమైజ్ చేస్తే మళ్లీ ఉండే.

నెల్లూరోడు
మొదటి దారి బాగుంది. నేనూ వాడతా. కానీ ఏ క్వెరీ మంచిదో ఎలా తెలుస్తుంది?

పైథాన్_పాపారావు
తెలిసిన యాక్టివ్స్‌ని లైబ్రరీలో కలిపేసి దాచిపెట్టు. సైజు, ఛార్జి, లాగ్‌పీ (నూనెలో కరిగే గుణం) వాటిలాగే ఉండి పనిచెయ్యనివి కూడా వెయ్యి. ఏ క్వెరీ దాచినవాటిని పైకి తెస్తుందో చూడు. దాచినవి క్వెరీ సిరీస్‌లోవే అయితే మాత్రం @తరమణి_2బీ చెప్పిన అన్నదమ్ముల తంతే, వేరే సిరీస్‌వి ఉండాలి.

మెడ్‌కెమ్_అక్క
సైజు అన్నారు కదా, టానిమోటోకి సైజు పిచ్చి. క్వెరీ అంత ఉన్నవాటికే మార్కులు. క్వెరీలో సగం ముక్కకి సరిగ్గా సరిపోయే చిన్న మాలిక్యూల్ వచ్చినా కిందకి తోసేస్తుంది. మా కెమిస్టులకి ఒక్కోసారి అలాంటి చిన్నదే కావాలి, దాని మీద మేం కట్టుకుంటాం. దానికి, సైజు తేడాకి అంతగా కోత వెయ్యని ట్వర్‌స్కీ స్కోరు పెట్టుకోండి. చివర్లో కళ్లతో చూడకుండా మాత్రం పంపకండి. మొదటి రెండొందలు క్లస్టర్ చేసి, ఒక్కో గుంపులోంచి ఒకటి రెండు తీసి, క్వెరీ మీద పరచి తిప్పి తిప్పి చూడండి. అంకె బాగుండి ఆమ్లం గాల్లో వేలాడుతున్నవి చాలా ఉంటాయి.

సిల్క్‌బోర్డు_బాధితుడు
బాస్‌ని అడిగి సోమవారాన్ని గురువారం చేయించుకున్నాను. ఇప్పటిదాకా సంగతి ఇదీ. ఒక పాత పేటెంటులో మధ్యలో రింగు కట్టి లింకరుని బిగించేసిన మాలిక్యూల్ ఉంది, మా టార్గెట్‌దే. దాని మీద పరిస్తే మా మాలిక్యూల్ పూర్తిగా చాచుకున్న రూపం కాదు, కాస్త మోకాలు వంచిన రూపం ఒదిగింది. అదే క్వెరీ. ఒకే కన్ఫార్మర్ల ఫైలు రెండిటికీ ఇచ్చి, రెండువైపులా షేప్, కలర్ కలిపి నడిపాను. ఈసారి రెండు లిస్టుల పైభాగం చాలావరకు ఒకటే. వేరే సిరీస్‌లోవి దాచినవి కూడా పైకి వచ్చాయి, ఒకటి మాత్రం ఎక్కడో అడుగున ఉంది. ఉండలు పోయాయి.

గిండీ_గురవయ్య
అడుగున ఉన్నదాన్ని చూశావా? దాని ఛార్జి ఎలా ఉంది?

సిల్క్‌బోర్డు_బాధితుడు
టెట్రజోల్ సార్. ప్రోటాన్ తియ్యకుండా తటస్థంగా పెట్టినట్టున్నారు లైబ్రరీలో.

మెడ్‌కెమ్_అక్క
టెట్రజోల్ అంటే ఆమ్లమే బాబూ, పీకేఏ 5 దగ్గర, అంటే ఒంట్లో ప్రోటాన్ వదిలేసి మైనస్ ఛార్జితో ఉంటుంది. ఛార్జి సరిచేసి మళ్లీ నడుపు. లైబ్రరీలో మిగతా టెట్రజోల్స్‌కీ, ఎసైల్ సల్ఫోనమైడ్లకీ కూడా అంతే చెయ్యి, అవి కూడా కిందే పడి ఉంటాయి.

సిల్క్‌బోర్డు_బాధితుడు
సరిచేశాను, పైకి వచ్చింది. దానితోపాటు వెండర్‌వి కొన్ని కొత్తవి కూడా లేచాయి. లిస్టు రేపు పంపుతున్నా. లైసెన్సు పోయినా పబ్‌కెమ్ కోడ్‌తో నడిచిపోతుంది అనిపిస్తోంది.

జీపీయూ_గోల
మాక్రోసైకిల్స్‌కి ఇదంతా పనిచేస్తుందా? మావి పదహారు సభ్యుల రింగులు, ఈటీకేడీజీ ఏవేవో చేస్తోంది.

పైథాన్_పాపారావు
మాక్రోసైకిల్స్‌కి విడిగా టార్షన్ సెట్టింగు ఉంది, ఈటీకేడీజీవీ3 వాడు. మిగతాది కొత్త థ్రెడ్ పెట్టు, ఇక్కడ కలిపితే ఎవరికీ దొరకదు.

ఉలవచారు
@సిల్క్‌బోర్డు కొత్త క్వెరీ ఫైలుకి పేరేం పెట్టావు?

సిల్క్‌బోర్డు_బాధితుడు
చెప్పను.